ఆపా అతికించిన తెల్లకాగితం

ఖైరున్నీసా ఆపా ఇక లేదన్న మాట ఎనుమాముల మార్కెట్లో, మిర్చి బస్తాల మధ్య నా చెవిన పడింది. "అన్నా, మీ సుబేదారి లైబ్రరీ ఆపా పోయిందంట గదా! పొద్దుగాల దవాఖానల," అన్నాడు పక్క దుకాణం గుమస్తా యాదగిరి. నా చేతిలోని కుంచె బస్తా మీదే ఆగిపోయింది. సిరా కారి, రాస్తున్న పేరు అలుక్కుపోయింది. బస్తాల మీద పేర్లూ గుర్తులూ రాయడమే నా వృత్తి. 

సుబేదారిలోని మా చిన్న పఠనాలయానికి ఆమె గ్రంథపాలకురాలు. పెద్దవాళ్లూ పిల్లలూ అందరూ 'ఆపా', అంటే అక్కా, అనే పిలిచేవారు. ఐదో తరగతితో బడి మానేసిన నేను ఈనాడు నాలుగు మాటలు తప్పుల్లేకుండా రాస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఆమె మంచితనం చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఆమెకు నేను చేసిన ద్రోహం చెప్పగలవాణ్ని మాత్రం నేనొక్కణ్నే.

మొదటి రోజు మార్కెట్ నుంచి తిన్నగా వెళ్లి పుస్తకాల బీరువా మీద చెయ్యి వేశాను. "ఆగు బేటా, ముందుగాల చేతులు కడుక్కో," అంది ఆపా. గుమ్మం పక్కన చెంబెడు నీళ్లు, సబ్బు ముక్క ఉన్నాయి. చిన్నబుచ్చుకున్నాను. ఆమె నవ్వింది. "నీ చేతులకు కారం ఉన్నది. నువ్వు పేజీ తిప్పి పోతవ్. నీ తర్వాత చదివేటోని కండ్లు మండుతయ్." ఆనాటి నుంచి కడుక్కోకుండా పుస్తకం ముట్టలేదు. ఆ మాట పుస్తకాల వరకే అనుకోవడం నా మూర్ఖత్వం.

నిఘంటువును మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను. పాత కావ్యాల్లోని వర్ణనలు కంఠస్థం చేశాను. గర్వం తలకెక్కింది. ఒకసారి ఏదో సమాసం విసిరితే ఆపా అన్నది: "పుస్తకం చదివినోడు పుస్తకం లెక్క మాట్లాడొద్దు. మనిషి లెక్క మాట్లాడాలె." విన్నాను. పాటించలేదు.

ఇది ఎనిమిదేళ్ల కిందటి మాట. హన్మకొండలో ఒక చిన్న వారపత్రిక ఉండేది. ఒకనాడు సంపాదకుడు నాకొక ఫోటో చూపించాడు. బడి వార్షికోత్సవంలో నాట్యం ఆడిన పన్నెండేళ్ల పిల్ల. "అన్నా, నువ్వు బాగ చదివినోనివి. దీని కింద రెండు ముక్కలు రాయి, అదిరిపోవాలె," అన్నాడు. 'రసజ్ఞ' అన్న కలంపేరుతో రాశాను. కావ్యాల్లో ప్రౌఢ నాయికకు వాడే వర్ణనలన్నీ తెచ్చి ఆ పసిదాని ఫోటో కింద పెట్టాను. ఆ మాటలు ఇక్కడ మళ్లీ రాయను. ఆ రోజు మాత్రం పత్రిక జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాను.

ఆ పిల్ల మా పఠనాలయానికి రోజూ వచ్చేది. వర్ధన్నపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి, మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది.

ఆపా పత్రికకు ఉత్తరం రాసింది. "పిల్ల ఆడడం తప్పు కాదు. ఫోటో తప్పు కాదు. కింద రాసినవారి చూపు తప్పు. పన్నెండేళ్ల పిల్లను పిల్ల అని రాయడానికి మీకు మాటే దొరకలేదా?" దానికి నేను జవాబు రాశాను, అదే కలంపేరుతో. శీర్షిక 'కళకు పరదానా?' ఆమె మతాన్ని ఎత్తిపొడిచే ఆ శీర్షిక నాదే. ఎంతో చమత్కారం అనుకున్నాను.

చౌరస్తాలో చాయ్ దుకాణాలు రెండు పక్షాలుగా చీలాయి. దోషం చూసేవాడి కంట్లో ఉంది గాని రాతలో లేదని ఒక పక్షం. సినిమా పోస్టర్ల మీద చిన్నపిల్లలకు పెద్దవాళ్ల ముస్తాబు చేసి నిలబెడుతున్నది చాలదా, మన బడిపిల్లలను కూడా ఆ కంటితోనే చూపించాలా అని మరో పక్షం. కుర్రకారు మాత్రం ఆమె నడుస్తుంటే వెనక నుంచి "పరదా ఆపా!" అని అరిచేవారు. ఆమె వెనుదిరిగి చూసేది కాదు.

పది రోజులకు ఆ పిల్ల తండ్రి పఠనాలయానికి వచ్చాడు. తలపాగా చేతిలో పట్టుకుని, "అమ్మా, మా పిల్ల ఇగ రాదు. పుస్తకం వాపస్ తెచ్చిన," అన్నాడు. సగం దాకా చదివిన గుర్తుగా అందులో నెమలీక ఉంది. తర్వాత మడత పెట్టిన పత్రిక తీసి, ఎదురుగా కూర్చున్న నా ముందు పెట్టాడు. "సారూ, నాకు సదువు రాదు. జర ఇండ్ల ఏం రాసిండ్రో చెప్పున్రి."

నేనే రాసిన రెండు వాక్యాలు నా ముందున్నాయి.

"బాగ ఆడిందని రాసిండ్రు," అన్నాను.

"గంతేనా?"

"గంతే."

"మరి పోరగాండ్లు గట్లెందుకు నవ్వుతాండ్రు సారూ? పిల్ల బడికి పోనని గోడకు మొకం పెట్టి పండుకున్నది."

పత్రిక మడిచి అతని చేతికిచ్చాను. అతను వెళ్లిపోయాక ఆపా నా దగ్గరకు వచ్చింది. ఆ వర్ణనలు ఏ పుస్తకంలోవో ఆమెకు తెలుసు. ఆ పుస్తకం నాకిచ్చింది ఆమే.

"బస్తా మీద మార్కు తప్పు పడితే ఏం జేస్తరు బేటా?"

"తిప్పి కుడతం ఆపా. రాత లోపలికి పోతది. ఇవతల మళ్ల రాస్తం."

"పిల్లను ఎట్ల తిప్పి కుడతవ్?"

ఆమె నా పేరు ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నేను అడిగిన పుస్తకం ఎప్పటిలాగే ఇచ్చింది. ఎనిమిదేళ్లు ఇచ్చింది. ఆ ఎనిమిదేళ్లలో క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఊళ్లో నాకున్న 'బాగా చదివినవాడు' అన్న పేరు పోతుందని భయపడ్డాను.

ఖనన సమయంలో దూరంగా నిలబడి, అందరూ వెళ్లాక మూడు పిడికిళ్ల మట్టి వేశాను. మర్నాడు పఠనాలయానికి వెళ్లి చేతులు కడుక్కుని, ఆమె ఏటేటా బైండు చేయించి ఉంచిన ఆ పత్రిక సంపుటం తీశాను. ఆ ఫోటో కింద నా రాత లేదు. దాని మీద తెల్లకాగితం అతికించి ఉంది. కాగితం మీద ఆపా గుండ్రటి అక్షరాలు: 'వార్షికోత్సవంలో నాట్యం చేసిన ఏడో తరగతి విద్యార్థిని. బాగా చదువుకుంటుంది.' నేను రాయవలసి ఉండింది అంతే. ఆ పిల్ల బడి మానేసిన తర్వాత కూడా ఆపా ఆ చివరి మాటను దిద్దలేదు.

రెండు వారాల తర్వాతి సంచిక తిప్పాను. 'కళకు పరదానా?' చెక్కుచెదరకుండా ఉంది. తనను అవమానించిన రాత మీద ఆమె ఏ కాగితమూ అతికించుకోలేదు.

అంతటి ఔదార్యం ఇక ఈ ఊరు చూడదు. ఆపా, బతికుండగా నీ ముందు అనలేని మాట ఇప్పుడు అందరి ముందూ అంటున్నాను. ఆ రసజ్ఞ నేనే. వర్ధన్నపేట దారిలో, ఈ వ్యాసాన్ని చదువు రాని ఒక తండ్రికి ఎవరైనా చదివి వినిపించే సందర్భం వస్తే, ఒక్కటే వేడుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చదవండి. ఆనాడు నేను చదివినట్టు చదవకండి.