నీటి అడుగున మైనస్ తొమ్మిదిన్నర

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని ముప్పై ఏళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్న మనిషిని మా వీధిలో అందరూ సోడాబుడ్డి గారు అంటారు. ఆ ‘గారు’ గౌరవమో, వేళాకోళానికి తొడిగిన మర్యాదో నేను తేల్చలేను. ఆయన కుడి కన్ను మైనస్ తొమ్మిదిన్నర, ఎడమ కన్ను మైనస్ ఆరు. కళ్ళజోడు తీస్తే ఎదురుగా కూర్చున్న భార్య ముఖం కూడా మసక మచ్చగానే కనబడుతుంది. చిన్నతనంలో తోటివాళ్ళు నీళ్ళలోకి దూకుతుంటే, ఈయనను ఒడ్డున కూర్చోబెట్టి బట్టలకూ చెప్పులకూ కాపలా పెట్టేవారు. తరువాత పట్టుబట్టి ఈత నేర్చుకున్నారు గాని, నీటిలో ఆయనకు కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

అటువంటి మనిషి నలభై తొమ్మిదో ఏట స్కూబా డైవింగ్ క్లబ్బులో చేరారు. నీటి కింద ఏముందో ఒక్కసారైనా తన కళ్ళతో చూడాలన్నదే ఆయన కోరిక. తోడుగా బావమరిది కూడా చేరాడు. అతడికి మేడ మీద నుంచి వీధి చివర బస్సు నంబరు చదవగలనన్న ధీమా. మొదటి రోజే అందరి ముందూ, “బావా, నువ్వు దిగితే చేపలు నిన్ను చూస్తాయి గానీ, నువ్వు చేపల్ని చూడవు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు.

క్లబ్బు నియమం కఠినమైనది. శిక్షణ చివర లోతైన కొలనులో పరీక్ష ఉంటుంది. అవకాశాలు రెండే. రెండూ పోతే మళ్ళీ చేర్చుకోరు, సముద్రంలోకి తీసుకువెళ్ళరు. మా ఊళ్ళో మరో క్లబ్బు లేదు.

డైవింగ్ మాస్కు లోపల కళ్ళజోడు పెట్టుకోవడం కుదరదు. దాని కాడలు మాస్కు రబ్బరును లేపుతాయి, ఆ సందులోంచి నీరు చేరుతుంది. పవరు అద్దాలతో వచ్చే మాస్కులు బజారులో ఉన్నాయి గాని, ఆయనకు దొరికిన వాటిలో ఏదీ మైనస్ ఎనిమిది దాటలేదు. అందుకని తన మాస్కు తానే చేసుకోవడానికి పూనుకున్నారు. లెక్క బాగా ఆలోచించే వేశారు. మాస్కు గాజు కళ్ళజోడు కన్నా కంటికి దూరంగా ఉంటుంది కనుక పవరు కొంత పెంచారు. గాజుకు అంటుకునే వైపు చదునుగా, కంటి వైపు గుంటగా అరగదీశారు. వయసు రీత్యా దగ్గర చూపు కోసం అడుగున చిన్న అర్ధచంద్రం కలిపారు. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చూపే గేజీ చదవాలి కదా. ఒక్కొక్క అద్దాన్నీ పవరు కొలిచే యంత్రం కింద రెండేసి సార్లు చూసుకుని మాస్కుకు అతికించారు. జిగురు గట్టిపడడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఉదయమే పరీక్ష.

పెట్టుకుని చూడలేదు. ఆయన చేతి మీదుగా వెళ్ళిన వేల కళ్ళజోళ్ళలో ఒక్కటీ పెట్టుకుని చూసింది కాదు. ఇతరుల అద్దాలు ఆయన కంటికి ఎలాగూ సరిపడవు కనుక, యంత్రం చెప్పిన అంకెనే నమ్మడం ఆయన పనితీరు.

కొలను అడుగున అంతా అలుక్కుపోయినట్టు కనబడింది. కంగారేమో అనుకున్నారు, ఆవిరి పట్టిందేమో అనుకున్నారు. కోచ్ బొటనవేలు పైకెత్తి, పైకి రమ్మని సైగ చేశాడు. ఆయనకు అది అంతా బాగుందా అని అడిగినట్టు తోచింది. బాగుందని వేళ్ళతో సున్నా చుట్టి చూపి అక్కడే ఉండిపోయారు. కోచ్ జబ్బ పట్టుకుని పైకి తేవలసి వచ్చింది.

“మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదండీ. సైగ కనబడనివాళ్ళు నీళ్ళలో తమకీ ప్రమాదమే, పక్కవాళ్ళకీ ప్రమాదమే. ఇక్కడితో ఆపేయండి” అన్నాడు కోచ్.

నేను ఉభయులనూ విడివిడిగా అడిగి తెలుసుకున్నాను. ఆనాటి సాక్ష్యాన్ని బట్టి చూస్తే కోచ్ మాటలో అన్యాయం లేదు. మానుకోమని నేనూ సలహా ఇచ్చాను.

సోడాబుడ్డి గారు మానుకోలేదు, అలాగని వాదించనూ లేదు. మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో రద్దీ తగ్గాక, మాస్కు పట్టుకుని గోడ మీది అక్షరాల చార్టు ముందు కూర్చున్నారు. కుడి కన్ను మూసి చూస్తే మసక. ఎడమ కన్ను మూసి చూసినా మసకే. అద్దాల లెక్క తప్పలేదని యంత్రం సాక్ష్యం. కళ్ళు రాత్రికి రాత్రి మారవు. ఈ రెండూ నిజమైతే ఇక మిగిలింది అద్దాల చోటు ఒక్కటే. ఆయన మాస్కును పైది కిందికి తిప్పి ముఖం ముందు పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే భార్య భోజనం క్యారేజీతో లోపలికి వచ్చారు. కాసేపు చూసి, “ఏవండీ, అది తలకిందులుగా ఉంది” అన్నారు.

“తెలుసే. ఇలా పట్టుకుంటేనే ఆఖరి వరుస కనబడుతోంది.”

ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టి, మొగుడి నుదుటి మీద చెయ్యి వేసి చూశారట.

జరిగింది ఇది. కళ్ళజోడు బిగించేటప్పుడు దాని ముందు వైపు పనివాడికి ఎదురుగా ఉంటుంది కనుక, కుడి కంటి అద్దం అతడి ఎడమ చేతి వైపుకు వెళుతుంది. మాస్కుకు మాత్రం లోపలి నుంచి అతికించాలి, అందుకని దాన్ని గాజు కిందికి, లోపలి వైపు పైకి వచ్చేలా పెట్టారు. అప్పుడు కుడి కంటి అద్దం కుడి చేతి వైపే ఉండాలి. ముప్పై ఏళ్ళ అలవాటున్న చేతులు ఆయనను అడగకుండానే పాత దారిన పోయాయి; కుడి కంటి అద్దం ఎడమ కంటికీ, ఎడమ కంటిది కుడి కంటికీ చేరాయి. అద్దాల పనిలో అనుభవం లేనివాడు ఈ పొరపాటు చేసి ఉండేవాడు కాదు. ఇది పనిలో తలపండినవాడే చేయగల తప్పు.

కోచ్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మొదటి పరీక్ష కొట్టేయమని మాత్రం అడగలేదు. కోచ్ కూడా ఆ మాట ఎత్తలేదు. “తప్పు మీదే కాబట్టి ఛాన్సు ఒకటే ఉందండీ” అన్నాడు. “ఒకటి చాలు” అన్నారు ఈయన.

అంటిన అద్దాలు ఊడి రావు గనుక కొత్త మాస్కు తెచ్చి, కొత్త అద్దాలు అరగదీశారు. ఈసారి అతికించే ముందు మాస్కు లోపలి అంచు మీద కుడి, ఎడమ అని రాసుకున్నారు. జిగురు ఆరాక చార్టు ముందు కూర్చున్నారు. అంతటితో ఊరుకోక, పెరట్లో నీళ్ళ తొట్టిలో ముఖం ముంచారు. భార్య తొట్టి అడుగున ఏవో అంకెలు రాసిన పలకలు మార్చి మార్చి పెట్టారు. ఇరవై పలకలకు ఇరవై చదివారు. “ఇంట్లో కూరగాయల చీటీ మాత్రం చదవలేరు” అని ఆవిడ మరో పలక పెట్టారట.

పరీక్షనాడు జంటగా దిగవలసింది బావమరిదితోనే. అతడికి అది మొదటి అవకాశం. కొలను అడుగుకు చేరాక, గాలి ఎంత మిగిలిందని కోచ్ ముందు బావమరిదిని అడిగాడు. అతడు గేజీని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరంగా జరిపాడు, చెయ్యి పూర్తిగా చాచాడు. ఆ చెయ్యి ఇంకో జానెడు పొడుగుండవలసింది. చివరికి వేళ్ళతో నూట యాభై అని చూపాడు. కోచ్ అదే గేజీ చదవమని సోడాబుడ్డి గారికి సైగ చేశాడు. ఆయన కళ్ళు అర్ధచంద్రంలోకి దించి, ఆలోచించకుండా తొంభై అని చూపారు. కోచ్ వంగి చూశాడు. తొంభై.

ఆపైన ఆయన సొంత గేజీ అడిగాడు, సరిగ్గా చెప్పారు. కొలను ఆ చివరికి వెళ్ళి, వరసగా తొమ్మిది సైగలు చేశాడు. తొమ్మిదింటికీ తడబాటు లేకుండా జవాబు వచ్చింది. పదోది బొటనవేలు పైకి. సోడాబుడ్డి గారు బావమరిది భుజం తట్టి, తానే అతణ్ణి వెంటబెట్టుకుని పైకి వచ్చారు.

“నీళ్ళు మసగ్గా ఉన్నాయి బావా” అన్నాడు బావమరిది.

“నీళ్ళు అందరికీ ఒకటేరా. రేపు దుకాణానికి రా.”

గట్టు మీద ఉన్నవారంతా చప్పట్లు కొట్టారు. కోచ్ ఆయన చెయ్యి పట్టుకుని, తను ఆపేయమన్నది పొరపాటని అందరి ముందూ ఒప్పుకున్నాడు. నా సలహా కూడా పొరపాటేనని ఇక్కడ రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. బావమరిది మర్నాడు దుకాణం కుర్చీలో బుద్ధిగా కూర్చుని దగ్గర చూపు కొలిపించుకున్నాడు. తరువాతి వారం అర్ధచంద్రాలున్న మాస్కుతో రెండో అవకాశంలో గట్టెక్కాడు.

ఆ నెలాఖరున ముగ్గురూ సముద్రంలో దిగారు. పన్నెండు మీటర్ల లోతున, ఒక రాతి దగ్గర సోడాబుడ్డి గారు ఆగి వేలు చూపారు. కోచ్ చూశాడు, తల అడ్డంగా తిప్పాడు. బావమరిదికీ ఏమీ కనబడలేదు. ఆయన మళ్ళీ అక్కడే చూపారు. చాలాసేపటికి ఆ రాతి ముక్క ఒకటి కదిలి, ఎనిమిది చేతులు విప్పుకుని, రంగు మార్చుకుంటూ పక్క బండ కిందికి జారుకుంది.

పడవ ఎక్కాక కోచ్ మాస్కు తీసి, “పదిహేనేళ్ళుగా ఇక్కడ దిగుతున్నానండీ. మీకెలా కనబడింది?” అని అడిగాడు.

“అరగదీసిన గాజు మీద గీత వెతకడం నా పని. రాయి మీద గీత తేడాగా ఉందనిపించింది” అన్నారు ఆయన.

గాలి సిలిండర్లు మార్చుకుని రెండోసారి దిగినప్పుడు, కోచ్ వెనక్కి జరిగి ఆయన్ని ముందు వెళ్ళమని సైగ చేశాడు.