వెనక సీటు మీద ఇసుక సంచి

మా ఆయన కాటాలు బాగుచేస్తాడు. బజారులో ఎవరి కాటా ముల్లు పక్కకు ఒరిగినా ఆయన దుకాణానికే రావాలి. కొలవడం వృత్తి కాబట్టి ఇంట్లోనూ ఏదో ఒకటి కొలవనిదే నిద్రపట్టదు. ఇక మోటారు సైకిలంటే చెప్పనే అక్కర్లేదు. లీటరుకు ఇంకొంచెం దూరం లాగించడం ఎలాగన్నదే ధ్యాసంతా. గొలుసుకు నూనె, టైర్లకు గాలి, ప్లగ్గుకు గరుకు కాగితం, సెలవు రోజంతా దానికే సరి. వీధిలో వాళ్ళు లీటరు బాబాయి అని పేరు పెట్టేస్తే ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు.

నాకు మాత్రం ఆ బండంటే ఒళ్ళు మంట. అసూయే, దాచడమెందుకు? నా తలనొప్పి, నడుం నొప్పి ఆయన చెవికెక్కవు. ఇంజన్లో చిన్న టకటక వినిపిస్తే మాత్రం కంచం ముందు నుంచి లేచిపోతాడు. అయినా సర్దుకున్నాను. ఎందుకంటే పొద్దున్నే నన్ను వెనక ఎక్కించుకుని, నేను పనిచేసే కుట్టు మిషన్ల షెడ్డు దగ్గర దింపి వెళ్ళేవాడు. ఆ కాస్త దూరమే ఆయన నా మాట వినేది. వినక ఎక్కడికి పోతాడు, చెవి పక్కనే నా నోరు.

ఒకరోజు ఆయనకు కొత్త పరీక్ష తోచింది. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు కట్టేసి, చిన్న సీసాలో పెట్రోలు కొలిచి పోసి, అది అయిపోయి బండి ఆగేదాకా నడపాలి. వెనక మనిషితో ఎంత దూరం వస్తుందో చూడాలట. నేను మంచి చీర కట్టుకుని మరీ ఎక్కాను. బండి ఆగిన చోట ఆయన మొహం వెలిగిపోయింది. ఎప్పుడూ రానంత దూరం వచ్చిందన్నాడు. నేనూ పొంగిపోయాను.

ఒక్కసారి చూస్తే చాలదట, మళ్ళీ మళ్ళీ చూడాలట. నేనేమో మాట్లాడతాను, కదులుతాను, కొలతకు నిలకడ ఉండదట. నన్ను దుకాణానికి తీసుకెళ్ళి మూటలు తూచే కాటా ఎక్కించాడు. సరిగ్గా అంతే బరువు ఇసుక సంచిలో పోసి, మూతి కుట్టమని నా చేతికే ఇచ్చాడు. కుట్టాను. దాన్ని నా సీటు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా తాళ్ళు బిగించి, తట్టి మరీ చూసుకున్నాడు. నేను బస్సుకు పోయాను.

ఎదురింట్లో ఉండే మా ఆడపడుచు ఊరుకుంటుందా? కొత్త వదిన నోరెత్తదట కదా, అన్నయ్యకు బాగా కుదిరింది అని ఎగతాళి చేసింది. పైకి నవ్వాను గానీ లోపల భగ్గుమంది. ఆ రోజు బస్సులో నిలబడి వెళుతుంటే పక్క నుంచి మా బండి దూసుకుపోయింది. నా చోట్లో సంచి. ఇసుకను చూసి కుళ్ళుకునే ఆడది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నేను లేకపోయినా ఈ మనిషికి ఏ లోటూ లేదా అన్న మాటే దారంతా నన్ను తొలిచేసింది.

అయితే ఆయన లెక్క కుదరలేదు. నాతో వచ్చిన దూరం సంచితో ఒక్కసారీ రాలేదు. కార్బ్యురేటరు విప్పాడు, బ్రేకులు వదులు చేశాడు, పెట్రోలు బంకు మార్చాడు. ఆఖరికి నన్ను మళ్ళీ కాటా ఎక్కించి, బరువు మారలేదని నామీదే విసుక్కున్నాడు.

ఒక సాయంత్రం సంచి చిరిగిందని తెచ్చి నా ముందు పడేశాడు. అడుగున కుట్లన్నీ తెగిపోయాయి. నేను వేసిన గట్టి కుట్లు అవి, ఊరికే తెగవు. సీటు మీద ఎగిరెగిరి పడితేనే తెగుతాయి.

"స్పీడు బ్రేకర్ల దగ్గర మెల్లగా పోవట్లేదా?" అన్నాను, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఇసుకకేమన్నా నడుం నొప్పా?" అన్నాడు.

సూది నా చేతిలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క గుంతలోనూ ఎగరేయలేదు. దూరం నుంచే వేగం తగ్గించి, మెల్లగా దాటించేవాడు. వెనక నేనుంటే దారంతా అలాగే నడుపుతాడు. బండి పెట్రోలు తక్కువ తాగింది అందుకే. అది ఆయన చేతికి తెలుసు గానీ ఆయనకు తెలియదు.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెబితే రేపటి నుంచి ఇసుకనూ అంతే నెమ్మదిగా మోసుకుపోతాడు, ఆయన సంగతి నాకు తెలియదా? ఆ నెమ్మది నాది. దానికి పంచి ఇవ్వను.

"నువ్వుంటేనే బాగా వచ్చింది. ఎందుకో అంతు చిక్కట్లేదు," అన్నాడు తల గోక్కుంటూ. "రేపట్నించి నువ్వే ఎక్కు. నీకేమన్నా తెలుస్తోందా?"

"మీ బండి సంగతులు నాకేం తెలుసండీ," అన్నాను. సూది పక్కన పెట్టి, సంచి ఈడ్చుకెళ్ళి ఇసుకంతా పెరట్లో పారబోశాను.