ఒకే నంబరు మీద ఇద్దరు

మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆస్పత్రి కౌంటర్లో చెప్పేది అన్నయ్య ఫోన్ నంబరే. పామర్రులోని మా ఉమ్మడి కుటుంబానికి అది రెండో ఇంటిపేరు. జ్వరంతో, ఆయాసంతో ఉన్న అమ్మను ఆ ఉదయం గవర్నర్‌పేట ఆస్పత్రిలో చేర్చినప్పుడూ అదే చెప్పాను. అమ్మకు పెన్సిలిన్ పడదనీ, ఒకసారి ప్రాణం మీదికి వచ్చిందనీ కూడా చెప్పాను. కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే ఊఁ కొట్టింది.

వార్డులో నర్సు సిరంజిలోకి మందు తీస్తూ మాట కలిపింది.

"అమ్మగారికి గుండెలో వాల్వు మార్చి చాన్నాళ్ళయిందాండీ?"

అమ్మకు గుండె ఆపరేషన్ ఎప్పుడూ జరగలేదు. వాల్వు మార్చింది మాతోనే ఉండే మా మేనత్తకు, ఇదే ఆస్పత్రిలో. ఆ మందేమిటని అడిగాను. పెన్సిలినే. సూది అప్పటికే అమ్మ చేతికున్న సెలైన్ గొట్టం దాకా వచ్చేసింది. నర్సు మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపేశాను. పాపం, ఆమె బెదిరిపోయి ఫైలు చూపించింది. పైన అమ్మ పేరు, లోపలంతా మేనత్త జబ్బులు. అలర్జీలు లేవట. కొత్త ఫైలు తెరవడానికి బద్ధకించి, కంప్యూటర్లో అన్నయ్య నంబరు కొట్టగానే వచ్చిన మేనత్త పాత ఫైలు మీద పేరు మార్చేశారు.

డ్యూటీ డాక్టరు వచ్చి మందు మార్చాక, మండిపడుతూ రికార్డుల గదికి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు క్షమాపణ మాటే ఎత్తలేదు. కూర్చోమని, టకటకా ఏదో కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పాడు. వాల్వు మాయమైంది. పెన్సిలిన్ పడదని ఎర్రగా ఉంది, పక్కనే మేం ఉదయం చేరిన టైము.

"పొద్దుటి నుంచీ ఉందండీ. నర్సే సరిగ్గా చూసుకోలేదు."

అంత నున్నగా అబద్ధమాడే మనిషిని నేనెక్కడా చూడలేదు. తప్పంతా నర్సు మెడకు చుట్టి తను చేతులు దులుపుకున్నాడు. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. అంతలో మేనత్త గుర్తొచ్చింది. ఎల్లుండి ఇక్కడే ఆమెకు హెర్నియా ఆపరేషన్. రక్తం పలచబడే మందు వాడుతోందని కొత్త డాక్టరుకు తెలిసేది ఆ ఫైలు చూస్తేనే.

"మరి మా మేనత్త ఫైలేదండీ?"

అన్నయ్య నంబరు కొట్టాడు. అమ్మ పేరొక్కటే వచ్చింది. మళ్ళీ కొట్టాడు. గొంతు తగ్గించి నన్నే అడిగాడు.

"ఆవిడ పాత కాగితాలేమన్నా ఇంట్లో ఉన్నాయాండీ?"