పొగలో దాచిన పాట

కొండల మీది ఏజెన్సీ బళ్ళలో ఏదో ఒక కాలంలో కలిసి పనిచేసి రిటైరైన మాస్టార్లమంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున్న కాఫీ గ్లాసు చేతికి రాకముందే అందులో ఒకాయన ఈ రోజు ఏం వింటున్నారని అడుగుతాడు. ఇక చూడండి, ఒకరు వీణ కచేరీ పంపుతారు, ఒకరు పాత సినిమా పాటల ఆల్బమ్, ఇంకొకరు గజళ్ళు, మరొకాయన రాత్రంతా మేలుకుని విన్నట్టుగా ఏకబిగిన పది లింకులు. పంపినవాడూ వినడు, అందుకున్నవాడూ వినడు, చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు మాత్రం వరస కడతాయి. వెక్కిరిస్తున్నానే గానీ నేనూ ఆ గుంపులో మనిషినే, నిన్న నేను మెచ్చుకున్న కచేరీ ఏ రాగంలో ఉందని అడిగితే నీళ్ళు నమలాల్సిందే.

ఆ గ్రూపులో ఎన్నడూ పెదవి విప్పని మా బావ మొన్న నాకు విడిగా ఒక వాయిస్ మెసేజి పెట్టాడు. బావ అంటే చుట్టం కాదు. అతనిది హుకుంపేట అవతల ఒక కొండ ఊరు, ఇంట్లో మాట్లాడుకునేది కువి భాష. నాది విజయనగరం పక్క పల్లం ఊరు. ఒకే బళ్ళో ఒకే నెలలో ఉద్యోగంలో చేరి, ఒకరినొకరు ఏమని పిలవాలో తెలియక, మా వైపు అలవాటు చొప్పున బావా అంటే బావా అనుకున్నాం, అది అలాగే నిలిచిపోయింది. పాడేరులో చదువుకుంటున్న అతని మనవరాలికి గొంతు బాగుంటుందట. మన ఇంటి పాట ఒక్కటైనా నేర్పు తాతా అని పట్టు పట్టిందట. "మా సెల్లి పాట నీకు గుర్తుంటే ఓపాలి ఫోనులో పాడి అంపు బావా, నాకు రాట్లేదు," అన్నాడు. సాయంత్రం ఫోను చేస్తానని జవాబిచ్చి, ఆ పగలంతా కిటికీ దగ్గర కూర్చున్నాను.

అప్పటి సంగతి చెప్పాలంటే ముందు నా టేప్ రికార్డరు సంగతి చెప్పాలి. ఉద్యోగం వచ్చాక నేను కొన్న మొదటి వస్తువు అది. విశాఖపట్నంలో కొని, షేరింగు జీపులో ఘాట్ రోడ్డు పొడుగునా పసిపిల్లని కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చాను. ప్రతి మలుపులోనూ పక్కనున్న మిరియాల బస్తా నా మీదికి ఒరుగుతుంటే దాన్ని మోచేత్తో తోస్తూ, టేప్ రికార్డరుని గుండెకి హత్తుకుని కూర్చున్న నన్ను చూసి జీపంతా నవ్వింది. కొండ మీద కరెంటుకి నమ్మకం లేదు గనక అది బ్యాటరీల మీదే నడిచేది, బ్యాటరీలు నీరసించిపోతే గడప ముందు ఎండబెట్టి, ఆ కాస్త ప్రాణంతో ఇంకో రెండు పాటలు పిండుకునేవాళ్ళం. ఈ తరం వాళ్ళకి చెబితే నమ్మరు, మీకు చెప్పక్కర్లేదు.

ఆదివారాల్లో ముగ్గురం బావ ఇంటి అరుగు మీద చేరేవాళ్ళం, నేను, బావ, మా హెడ్మాస్టరు గారు. మనిషికొక కేసెట్ తేవాలి, ఒక సైడు పూర్తయ్యేదాకా ఎవరూ నోరు తెరవకూడదు, అదీ మా కట్టుబాటు. నేను వీణ తెచ్చేవాణ్ణి. హెడ్మాస్టరు గారు పౌరాణిక నాటక పద్యాలు తెచ్చి, కట్టుబాటు పెట్టింది తానే అయినా ఆపుకోలేక మధ్యలో అర్థం చెప్పబోయేవారు, బావ మారు మాట్లాడకుండా టేపు ఆపేసి ఆకాశంలోకి చూస్తూ కూర్చునేవాడు, ఆయన గొంతు సవరించుకుని ఊరుకునేవారు. పద్యంలో ఆ రాగాలాపన విని బావ వాళ్ళమ్మ, ఆయనెవరో గానీ ఆయనకంత కోపమేటని ఒకసారి అడిగింది, ఆ ఆదివారం హెడ్మాస్టరు గారు అలిగి అంబలి కూడా ముట్టుకోలేదు. బావకి మాత్రం ఒకే ఒక్క ఆల్బమ్ ఉండేది, క్లారినెట్. వాయించే ఆయన ఊపిరి తీసుకోవడం కూడా అందులో వినిపిస్తుందని, ఆ ఊపిరి కోసమే వింటానని అనేవాడు. అరిగిపోతుందేమోనని భయపడుతూనే ప్రతివారం అదే వినిపించేవాడు.

మేం వింటున్నంతసేపూ బావ చెల్లెలు గుమ్మంలో కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుట్టేది. బక్కపల్చని పిల్ల, బడి మానేసి తల్లికి సాయంగా ఉండేది. చేతులు ఆకుల మీద, చెవులు మా మీద. సాయంత్రానికల్లా క్లారినెట్ అంతా ఆ పిల్ల గొంతులోకి దిగిపోయేది, సన్నగా, ఒక్క మలుపు కూడా తప్పకుండా. వీణ మీద నాకు ఎంత గర్వమున్నా, నా ఆల్బమ్ కంటే ఆ పిల్ల కూనిరాగం బాగుందని ఒప్పుకోక తప్పేది కాదు. ఒక ఆదివారం మేం సర్దుకుంటుంటే ఆకులు పక్కన పెట్టి, తలెత్తకుండా అడిగింది. "మాస్టారూ, మా పాట కూడా అందులోకెక్కుతాదా?"

ఎక్కుతుందన్నాను గానీ ఖాళీ కేసెట్ కావాలంటే విశాఖపట్నం పోవాలి. అప్పుడు బావ చేసిన పని నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఆ క్లారినెట్ కేసెట్ తీసి, రికార్డింగు పడకుండా అంచున ఎప్పుడో విరగ్గొట్టి ఉంచిన చోట కాగితం మడిచి కుక్కి, రెండో సైడు నా ముందు పెట్టాడు. వద్దన్నాను. వాడు వాయించింది నాకొచ్చేసింది, ఇదింకా రాలేదు కదా, దీని మీదే పట్టు అన్నాడు.

సామ చేనులో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు పాడే పాట అది. ఆ తల్లి తన పుట్టింటి నుంచి, ఒడిశా వైపు కొండల నుంచి తెచ్చుకున్నది, ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. భాష నాకు ఒక్క ముక్క తెలియదు. తెలియకపోతేనేం, పాట మధ్యలో ఒకచోట ఆ పిల్ల గొంతు ఆగిపోయేది, ఇక అయిపోయిందని మనం అనుకున్నాక ఎక్కడో పైనుంచి మళ్ళీ అందుకునేది, ఆ ఆగినంతసేపూ మా ముగ్గురికీ ఊపిరాడేది కాదు. టేపులో కోడి కూత, రేకుల మీద చినుకులు, ఒకచోట తల్లి మెల్లగా అందించిన మాట కూడా పడ్డాయి. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆ సైడు వినకుండా మేం లేవలేదు. దేని మీదా ఏకాభిప్రాయం కుదరని మాకు అందరికీ నచ్చిన ఆల్బమ్ అదొక్కటే. హెడ్మాస్టరు గారు దానికి అర్థం చెప్పడానికి ఒక్కసారి కూడా ప్రయత్నించలేదు.

మరుసటి వానాకాలం ఆ పిల్లకి జ్వరమొచ్చింది. మా ఏజెన్సీలో జ్వరమంటే ఏమిటో అక్కడ పనిచేసినవాళ్ళకి తెలుసు. డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం, జీపు దొరికింది, ఆసుపత్రి కూడా చేరాం, కానీ అప్పటికే మలేరియా మెదడుకెక్కిందన్నారు. అంతకు మించి రాయలేను.

ఆ ఇంట్లో పాటలు ఆగిపోయాయి. టేప్ రికార్డరు నా గదిలో మూలన పడింది. కేసెట్ సంగతి బావ ఎత్తలేదు, నేనూ అడగలేదు, ఏ పెట్టెలోనో భద్రంగా ఉంటుందిలే అనుకున్నాం. దాన్ని తల్లి తీసుకుందని మాకు తెలియదు. కొండమీది వానకాలంలో కేసెట్లకి తెల్లగా బూజు పట్టి పాడవుతాయని, నా వీణ కేసెట్ అలాగే పోయిందని బావ ఎప్పుడో ఇంట్లో చెప్పాడట. ఆవిడ ఆలోచించింది. ఆ ఇళ్ళలో వచ్చే ఏటిదాకా బతకాల్సినదేదైనా పొయ్యి మీది అటకకే చేరుతుంది. మొక్కజొన్న పొత్తులు, ఎండిన ఆనప బుర్రల్లో పోసిన చోళ్ళు, అంటే రాగులు, సామలు, అన్నీ అక్కడ పొగలో వేలాడుతూ ఉంటాయి. పురుగు పట్టదు, బూజు రాదు, ముట్టుకుంటే వేడిగా, నల్లగా, గట్టిగా ఉంటాయి. ఆవిడకి తెలిసినంతలో ఈ లోకంలో అంతకంటే భద్రమైన చోటు లేదు. కేసెట్‌ని అడ్డాకుల్లో చుట్టి, నారతో కట్టి, విత్తనం పొత్తుల మధ్య వేలాడదీసింది. నలభై ఏళ్ళ వ్యవసాయంలో ఒక్క గింజ పాడుచేయని మనిషి, కూతురి గొంతుని కూడా అలాగే దాచుకుంది.

విత్తనాలు చల్లే రోజులొచ్చాయి. ఆవిడ పొత్తులతో పాటు ఆ పొట్లం కూడా కిందికి దించి, మిషను పట్టుకు రమ్మని నాకు కబురు పెట్టింది. కొత్త బ్యాటరీలు వేసుకుని వెళ్ళాను. హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. పొట్లం విప్పితే కేసెట్ పొయ్యి సెగకి బెల్లం రంగుకి తిరిగి ఒకవైపు వంగిపోయి ఉంది. బావ తల్లిని ఒక్క మాట అనలేదు, అనగలిగేది ఏముంది కనక. మరలు విప్పి, లోపలి టేపుని జాగ్రత్తగా వేరే కేసెట్‌లోకి మార్చాం. ఆవిడ చేతిలో విత్తనాల చేట పెట్టుకుని మా ఎదుట కూర్చుంది. గింజలన్నీ బాగున్నాయి.

మీట నొక్కాను. ముందు చాలాసేపు గరగర. తర్వాత ఒక గొంతు వచ్చింది, లావుగా, సాగిపోతూ, వణుకుతూ, మగవాడు నిద్రలో మూలుగుతున్నట్టు. పాట ఆగే చోటు వచ్చింది, ఆగడానికి బదులు అక్కడ టేపు జీరబోయి కిందికి జారిపోయింది. ఆవిడ చివరిదాకా వినలేదు. "ఇది మా గుంట కాదు బాబూ, ఆపీ," అంది. లేచి, చేట నడుముకానించుకుని చేను వైపు వెళ్ళిపోయింది. పాపం, తట్టుకోలేకపోయింది, నమ్మలేకపోతోంది అనుకున్నాం మేం ముగ్గురమూ. మేం నమ్మాం. ఎక్కడైనా ఒక్కచోట ఆ గొంతు దొరుకుతుందేమోనని ముందుకీ వెనక్కీ తిప్పి, మధ్యాహ్నం దాకా, బ్యాటరీలు అయిపోయేదాకా అదే విన్నాం.

మరుసటేడు నాకు పల్లానికి బదిలీ అయింది. ఆవిడ చేనులో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పాట పాడుకుంటూనే ఉండేదని, గట్టు అవతలికి ఒక్కో ముక్కే వినపడేదని బావ కలిసినప్పుడల్లా చెప్పేవాడు. మిషను పట్టుకుని దగ్గరికి వెళితే నోరు మూసేసేది. తర్వాత ఫోన్లొచ్చాయి, ఫోనుకీ అంతే. కూతురు అడిగి మరీ పాట ఎక్కించిన వస్తువుని ఆ తల్లి మళ్ళీ నమ్మలేదు. ఇప్పుడు ఆవిడ లేదు, హెడ్మాస్టరు గారూ లేరు. సామ చేను కాఫీ తోట అయింది, మిరియాల పాదులు సిల్వర్ ఓక్ చెట్లకి ఎగబాకాయి, కాఫీ కోసే ఆడవాళ్ళ కొంగుల్లో ఫోన్లు వాటి పాటికవి పాడుతుంటాయి. నేనే మొన్న శీతాకాలం అటు వెళ్ళి విన్నాను, అవన్నీ మా గ్రూపులో తిరిగే పాటలే.

ఆ పగలంతా కిటికీ దగ్గర కూర్చుని నేను చేసిందల్లా ఆ పిల్ల గొంతుని వెతకడం. గుమ్మం కనిపిస్తోంది, అడ్డాకులు కనిపిస్తున్నాయి, పాట ఎక్కడ ఆగుతుందో కూడా తెలుస్తోంది. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆ వంగిన టేపే మోగుతోంది, ఎంత తోసినా పక్కకి జరగదు. ఆ రోజు ఆవిడ లేచిపోయినప్పుడు మేమూ లేచిపోయి ఉంటే అసలు పాట మాలో మిగిలి ఉండేదేమో. కమిలిపోయిన దాన్ని ఇది కాదు పొమ్మంది గనకే ఆవిడ దగ్గర అసలుది ఉండిపోయింది. ఆవిడతో పాటే పోయింది.

సాయంత్రం ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాను. "నాకూ అదే బావా, సెల్లిని తలుసుకుంటే ఆ టేపే మూలుగుతాది. నీ దగ్గరైనా ఉంటాదనుకున్నాను," అన్నాడు బావ. పక్కనే ఉన్న మనవరాలు ఏమైందని అడగడం, పాట ఆ తాతకీ రాలేదమ్మా అని బావ అనడం వినిపించాయి. "పోన్లే తాతా, నెట్లో ఎతుక్కుంటాన్లే," అంది ఆ పిల్ల, తాత బాధ చూడలేక కాబోలు, చాలా తేలిగ్గా. అందులో అన్నీ ఉంటాయని ఆ వయసు వాళ్ళకి నమ్మకం, ఒకప్పుడు టేపు మీద మాకూ అంతే నమ్మకం ఉండేది. అక్కడ లేదమ్మా అని చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.