ఆర్పకూడని బల్బు

మా అత్త పోయిన ఆరో రోజున మరిది రేడియో పెడితే, అందులోంచి ఆమె ఊపిరి వినిపించింది.

ఊరికే అనడం లేదు. మా అత్తకు ఉబ్బసం. ఊపిరి లోపలికి పోయేటప్పుడు సన్నగా, బయటికి వచ్చేటప్పుడు బరువుగా ఉండేది. ఇరవై రెండేళ్ళు పక్క గదిలో పడుకున్నదాన్ని, ఆ ఊపిరి నాకు తెలియదా?

అది పాటల రేడియో కాదు. మరిది పరీక్ష రాసి సర్కారు లైసెన్సు తెచ్చుకున్న హామ్ రేడియో. తనలాంటి వాళ్ళతో ఎంత దూరమైనా మాట్లాడతాడు. దాని తీగ చూరు నుంచి తూర్పున ఉన్న ఇప్పచెట్టు దాకా కట్టి ఉంటుంది. ఇంట్లో సామానంటే దానికి పడదు. టీవీ డబ్బా, ఫోన్ చార్జర్, ఏది పెట్టినా అందులో గరగర మొదలవుతుంది. అందుకని చార్జర్ తీగను చేతిగాజులాంటి నల్లటి రింగులో ఏడెనిమిది చుట్లు తిప్పి పెట్టాడు. అట్లా చేస్తే గరగర తగ్గుతుందట. “వదినకు గాజులు కొనవు గాని చార్జర్‌కు తొడుగుతున్నవా?” అని నేను ఏడిపించేదాన్ని.

ఆ వారం అట్లాంటి మాటలు లేవు. తల్లికి కొరివి పెట్టింది చిన్న కొడుకైన మరిది, కాబట్టి అతను ఇల్లు కదలకూడదు. పదకొండో రోజుకు చుట్టాలను పిలవడానికి మా ఆయన ఉసూర్ వైపు ఊళ్ళకు వెళ్ళాడు. వెనకే వాగు పొంగింది. ఫోన్లు పనిచేయడం మానేశాయి. మూడు రోజులుగా మనిషి జాడ లేదు. వాగు అవతల ఒక బడిలో జనాన్ని ఉంచారని, అక్కడ చేరిన హామ్ మనిషి ఒకతను రోజూ సాయంత్రం నాలుగింటికి క్షేమంగా ఉన్నవాళ్ళ పేర్లు రేడియోలో చదువుతున్నాడని మరిది కనుక్కున్నాడు.

ఆ ఆరో రోజు పేర్లు చదివారు. మాకు మాత్రం ఊపిరే వినిపించింది. దాని వెనక, ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నట్టు, ఒక మగ గొంతు.

ఏడో రోజు నాలుగు కాకముందే మేమిద్దరం ఇల్లంతా వెతికాం. టీవీ డబ్బా తీశాం. చార్జర్ తీశాం. ఫ్యాన్ ఆపాం. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా కొంచెం తగ్గినట్టే ఉండి, ఊపిరి మాత్రం అట్లాగే ఉంది. చివరికి మరిది మెయిన్ దించాడు. రేడియో ట్రాక్టర్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి అదొక్కటే మోగుతోంది. బయట ముసురు, లోపల చీకటి. లోపలికి సన్నగా, బయటికి బరువుగా.

“ఇంకేమున్నది వదినా ఇంట్ల నడిచేది?”

“ఏం లేదు.”

“మరి గిదేంది?”

అతనూ ఆ తల్లి కొడుకే, అతనికీ తెలుసు. అప్పుడు తోచింది: మెయిన్ దించిన ఇంట్లో, నాకు మరిది ముఖం ఎట్లా కనబడుతోంది?

అత్త ఫొటో దగ్గర బల్బు వెలుగుతోంది. పదకొండు రోజులు ఆరకూడదని, కరెంటు పోయినా వెలిగే బల్బు గీదం బజారు నుంచి తెప్పించాం. దాని కడుపులోనే బ్యాటరీ ఉంటుంది. ఇల్లంతా వెతికిన మేము దాన్ని సామానులో లెక్కపెట్టనే లేదు. అది అత్త దీపం గదా.

“గదే చేస్తున్నది” అన్నాడు మరిది. దగ్గరకు మాత్రం వెళ్ళలేదు. “ఆర్పకు వదినా. అమ్మది.”

“ఆర్పకుంటే మీ అన్న పేరు ఎట్ల వినాలె?”

అత్తకు దండం పెట్టి, కళ్ళు మూసుకుని, బల్బును తిప్పి ఊడదీశాను. కళ్ళు తెరిస్తే అది నా అరచేతిలో వెలుగుతూనే ఉంది. తీగ లేదు, హోల్డర్ లేదు. కింద పెట్టబోతే ఆరింది, పట్టుకుంటే మళ్ళీ వెలిగింది. వేళ్ళు ఆ ఇనుప మూతికి తగిలితే వెలుగుతుందని, ఒంటి తడి చాలని మరిది తరవాత చెప్పాడు. ఆ క్షణాన మాత్రం ఆమె నా చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. రేడియోలో ఊపిరి ఆగలేదు.

“ఆర్పకు, తీస్కొని దూరం పో వదినా. తీగ తూర్పున ఉన్నది, నువ్వు పడమరకు పో.”

బల్బును కొంగు కింద పెట్టుకుని వానలో నడిచాను. కొట్టం దాటాక వెనక్కి తిరిగి “తగ్గిందా?” అని కేకేశాను. “ఇంకా పో” అన్నాడు. జొన్నచేను గట్టెక్కాను. “ఇంకా.” చేను చివర కంచె దగ్గర నిలబడ్డాక అతని కేక రాలేదు. నాలుగైందన్నమాట. పేర్లు చదువుతున్నారు, నాకు వినబడే దూరంలో కాదు. చేతిలో అత్త ఒక్కతే, చప్పుడు లేకుండా వెలుగుతూ. వేళ్ళు వానకు తిమ్మిరెక్కినా వదల్లేదు. వదిలితే ఆరుతుంది. ఆరితే ఆమె కొడుకు పేరు కూడా ఆ జాబితాలో ఉండదేమో అనిపించింది. పిచ్చిమాటే, కానీ అనిపించింది.

చాలాసేపటికి మరిది అరుగు మీదికి వచ్చాడు. చేతులు రెండూ పైకెత్తాడు.

“చదివిండు వదినా. అన్న పేరు, మన ఊరి పేరు, రెండూ చదివిండు.”

నేను కొంగు తీసి బల్బు వైపు చూశాను. “విన్నవా అత్తా?” అన్నాను. ఇంటివైపు నాలుగు అడుగులు వేశానో లేదో, మరిది మళ్ళీ అరిచాడు.

“రాకు వదినా. ఇంకా శానా పేర్లున్నయి. పక్కూరోళ్ళయి కూడా రాస్కుంటున్న. గక్కడ్నే ఉండు.”

కంచె దగ్గరికి తిరిగి వెళ్ళి, చెయ్యి మార్చుకుని నిలబడ్డాను.