ఊరివాళ్ళని తేల్చే గుమాస్తా

యూనివర్సిటీ ఫీజుల విభాగం గుమాస్తాగారు పీజీ విద్యార్థుల్లో ఎవరు స్థానికులో, ఎవరు మూడింతల ఫీజు కట్టాల్సిన బయటివాళ్ళో తేలుస్తారు. ఊళ్ళోనే ఉంటున్నట్టు అద్దె కాగితాలు ఎవరైనా పుట్టిస్తారని ఆయన అనుమానం. అందుకే కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి, మాటల్లో మాటగా ఊరెలా ఉందని అడుగుతారు. పొగిడితే చుట్టం, తిట్టుకుంటే ఊరివాడు. అదీ ఆయన లెక్క.

ఆవేళ వచ్చిన అమ్మాయి, "మా వీధిలో నీళ్ళెప్పుడొస్తాయో కుళాయికే తెలీదండీ. మూడేళ్ళుగా ఇదే గోల" అంది. ఆయన నవ్వుకుని, స్థానికులకు వేసే రబ్బరు ముద్ర అందుకున్నారు.

"మీదీ ఈ ఊరేనాండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"బదిలీ మీద వచ్చి ఇరవై రెండేళ్ళయిందమ్మా. బంగారంలాంటి ఊరు" అన్నారు.

ఆ మాట తన చెవినే పడగానే, ముద్ర పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.