ప్రభుదాస్ గారి వేటకు తోడు

ప్రభుదాస్ గారికి బాతుల వేట పిచ్చి. మామూలు పిచ్చి కాదు, అక్టోబరు వచ్చిందంటే మనిషి మన మాట వినడు. హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూనే కిటికీలోంచి ఆకాశం చూస్తుంటాడు. గాలి ఎటు తిరిగిందో, పోటు ఎన్నింటికో, బాతులు ఏ కాల్వ మీద దిగుతాయో, ఆయన మనసంతా అక్కడే. కెనడా తూర్పు కొసన నోవా స్కోషియాలో, ట్రూరో ఊరి పక్కనే సముద్రం పోటు మీదున్నప్పుడు కాల్వల్లోకి ఎక్కి వచ్చి, పాటుకి వెనక్కి పోతుంది. పోయాక మిగిలేది బురద. చాక్లెట్ రంగులో, చూడ్డానికి వెన్నపూసలా ఉంటుంది గానీ కాలు పెట్టామా, మరి వదలదు.

ఆ బురదంటే అక్కడి వాళ్ళకే దడ. ప్రభుదాస్ గారికి మాత్రం పుట్టిల్లు. నాగాయలంక అవతల మడ అడవుల్లో వాళ్ళ నాన్న పీతలు పట్టేవాడు. నడక వచ్చిన రోజు నుంచీ ఈయన బురద తొక్కుతూనే పెరిగాడు. భార్య రూపవతి గారికి నర్సు ఉద్యోగం వచ్చి ఈ ఊరు చేరినప్పుడు, మొదటిసారి ఆ మార్ష్, అదే ఆ చిత్తడి నేల, చూసి, "రూపా, ఇది మన ఊరే, కాస్త చలి ఎక్కువ, అంతే!" అన్నాడట. ఆవిడ నవ్విందట. ఆ తర్వాత లైసెన్స్, తుపాకీ, బూట్లతో కలిసి నడుం దాటి వచ్చే రబ్బరు వేడర్లు, అసలు బాతుల్ని రప్పించే బొమ్మ బాతులు ఒక్కొక్కటే ఇంట్లోకి వస్తుంటే ఆ నవ్వు తగ్గిపోయింది.

ఒకటే లోటు. తోడు లేదు. కూతురు ఏనీని చిన్నప్పుడు ఒక్కసారి తీసుకెళ్తే, "దిస్ ఈజ్ గ్రోస్, డాడ్!" అని కారు దిగలేదు. ఇప్పుడు ఎక్కడో దూరాన రిచ్‌మండ్ హిల్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటోంది, ఫోన్‌లో బాతుల మాట ఎత్తితే వాతావరణం గురించి అడుగుతుంది. కొన్నాళ్ళు వెంట వచ్చిన లాండ్రీ స్నేహితుడు టోనీ కాల్గరీ వెళ్ళిపోయాడు. రూపవతి గారు బాతు ఇగురు అద్భుతంగా వండుతారు గానీ బురదలో అడుగు పెట్టమంటే, "నాకేం ఖర్మండీ?" అంటారు. ఒంటరిగా గడ్డిలో కూర్చుని, బాతు పడితే ఎవరికి చూపించాలో తెలీక, తనలో తనే "భలే!" అనుకుని ఇంటికి రావడం. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి పాపం.

అప్పుడు మన తెలుగు స్టూడెంట్లు వచ్చారు. కోవిడ్ వెనకపట్టాక మొదలైంది చూడండి వరద! నాలుగు కుటుంబాలతో ఆయన ఇంటి హాల్లో జరిగే ఆదివారం తెలుగు ఫెలోషిప్ ప్రార్థనకి గుమ్మంలో చెప్పులు పట్టడం మానేశాయి. ఒక్కో గదికి నలుగురు, ఒక్కో ఉద్యోగానికి నలభై మంది. ఎవరికి గది దొరక్కపోయినా, జ్వరం వచ్చినా, "ప్రభుదాస్ అంకుల్ దగ్గరికి పో" అనేవారు. అలా వచ్చినవాడే షాలేమ్. ఒంగోలు పిల్లవాడు, ఇరవై ఆరేళ్ళు, బీటెక్ అయి ఇక్కడ లాజిస్టిక్స్ చదువుతున్నాడు, సాయంత్రాలు కాఫీ షాపులో కౌంటర్ దగ్గర నిలబడతాడు. బేస్‌మెంట్‌లో గది ఇచ్చారు. నెమ్మదస్తుడు. అడిగింది చేస్తాడు, పెట్టింది తింటాడు.

ఒక ఆదివారం అన్నాలు తింటుండగా ప్రభుదాస్ గారు మాట వరసకి అన్నాడు. "ఏం షాలేమూ, శనివారం మార్ష్‌కి వస్తావా నాతో?"

"వస్తానంకుల్," అన్నాడు షాలేమ్.

అంతే! ఆ వారమంతా ప్రభుదాస్ గారి కాళ్ళు నేల మీద ఆన్లేదు. టోనీ వదిలి వెళ్ళిన వేడర్లు అటక మీంచి దించి, చిల్లులు ఉన్నాయేమోనని బాత్‌టబ్బులో నీళ్ళు పోసి చూశాడు. "పిల్లాడికి ఎంత ఉత్సాహమో చూశావా?" అన్నాడు భార్యతో. ఆవిడ బేస్‌మెంట్ మెట్ల వైపు చూసింది.

శనివారం తెల్లవారుతుండగా కట్ట దగ్గర కారు ఆపి దిగారు. వెనక తాడు కట్టిన, మంచు మీద లాగే ప్లాస్టిక్ స్లెడ్డు, దాని మీద బొమ్మ బాతులు. ప్రభుదాస్ గారు దారి పొడుగునా పాఠం చెప్పాడు. గడ్డి ఉన్నచోటే అడుగెయ్యాలి. నున్నగా మెరిసే చోటికి పోకూడదు. కాలు దిగబడితే పైకి పీకకూడదు, మడమ తిప్పి తిప్పి గాలి పోనిచ్చి తియ్యాలి. మరీ కూరుకుపోతే సిగ్గుపడకుండా వెనక్కి వాలి పడుకోవాలి, ఒళ్ళంతా పరుచుకుంటే బురద మోస్తుంది. పోటు మొదలైతే బాతు కాదు, బంగారం కనబడినా వెనక్కి రావాలి. అన్నీ చెప్పాడు. షాలేమ్ "సరే అంకుల్, సరే అంకుల్" అంటూ వెనకే వచ్చాడు.

కాల్వ అంచున, గడ్డి ఏపుగా ఉన్నచోట షాలేమ్‌ని నిలబెట్టి, "బాతు కళ్ళు చాలా షార్పు. నువ్వు కదిలితే గుంపు గుంపంతా తిరిగి పోతుంది. నేను పిలిచేదాకా బొమ్మలా ఉండు," అన్నాడు. తను యాభై గజాల అవతల గడ్డిలోకి వెళ్ళాడు.

ఆ పొద్దున వచ్చినన్ని బాతులు ఆయన జన్మలో చూళ్ళేదు. గుంపు వెనక గుంపు. రెక్కల చప్పుడికి ఒళ్ళు పులకరించింది. ఒకటి పడింది, రెండోది పడింది. ప్రతిసారీ షాలేమ్ వైపు తిరిగి చెయ్యి ఊపాడు, చూశావా అన్నట్టు. షాలేమ్ కూడా మెల్లగా చెయ్యెత్తాడు. ఇన్నేళ్ళకి తను కొట్టిన బాతుని చూసే మనిషి ఒకడున్నాడు! ఆ ఆనందంలో వాడు పొద్దునకంటే పొట్టిగా కనబడుతున్నాడని ఆయన గమనించలేదు.

కాల్వలో నీళ్ళు వెనక్కి తిరిగి, నురగతో ఊరి వైపు పాకడం చూశాక, "షాలేమూ, పోటొస్తోంది, వచ్చెయ్!" అని కేకేశాడు. వాడు రాలేదు. మళ్ళీ పిలిచాడు. అప్పుడు వినబడింది, సన్నగా, "రాలేకపోతున్నానంకుల్" అని.

ప్రభుదాస్ గారు పడుతూ లేస్తూ దగ్గరికి వెళ్ళాడు. వాడు తొడలదాకా దిగబడి ఉన్నాడు. పెదాలు నీలం. నీళ్ళు అప్పుడే నడుం చుట్టూ చేరుతున్నాయి.

"ఒరే, పిలవొద్దూ! ఎందుకు పిలవలేదురా?"

"మీరు కదలొద్దన్నారు కదంకుల్. బాతులు వస్తున్నాయి కదా, మీకు డిస్టర్బ్ అవుతుందని."

ఆయన దారి పొడుగునా చెప్పిన పాఠం గాలికి పోయింది, చేతులు పట్టుకుని బలంగా లాగాడు. వాడు అరిచాడు గానీ అంగుళం రాలేదు, పైగా తను మోకాళ్ళదాకా దిగాడు. "ప్రభువా, ప్రభువా" అంటూనే స్లెడ్డు లాక్కొచ్చి, దాని మీద బోర్లా పడుకుని, వాడి తొడ చుట్టూ చేతులతో బురద తోడాడు. "వెనక్కి వాలు! వాలరా! నీళ్ళకి భయపడకు, నేను పట్టుకున్నా!" వేడర్ల పట్టీలు కోసేశాడు. బూట్లు బురదకే వదిలి, ఒక కాలు లాగితే వచ్చింది. రెండోది రాలేదు. నీళ్ళు ఛాతీకి వచ్చాయి. వాడు ఏడవలేదు, "సారీ అంకుల్, సారీ అంకుల్" అంటూనే ఉన్నాడు. ఆ సారీలు వినలేక ఈయనే ఏడ్చాడు. మెల్లగా మడమ తిప్పించి తిప్పించి, చివరికి ఆ కాలూ తీశాడు. ఇద్దరూ పొట్టల మీద పాకుతూ పైన గట్టి నేల మీదికి చేరారు.

ఒడ్డున పడి రొప్పుతూ వెనక్కి చూసినప్పుడు, అవతల, నీళ్ళింకా ఎక్కని గడ్డిలో తను నిలబడ్డ చోటు కనిపించింది. అక్కడ నేలంతా కుమ్మరి తొక్కిన మన్నులా కలియతొక్కి ఉంది. అప్పుడు తెలిసింది ఆయనకి. పొద్దున్నుంచీ తన పాదాలు ఊరుకోలేదు. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి, కాస్త అటు, కాస్త ఇటు, బరువు మార్చుకుంటూనే ఉన్నాయి. నాగాయలంకలో పుట్టినవాడికి అది ఊపిరి పీల్చడం లాంటిది, ఎవరూ నేర్పలేదు, తనకు తెలుసనే తెలీదు. అన్నీ చెప్పి, అసలైన ఆ ఒక్కటీ చెప్పలేదు. చెప్పకపోగా, కదలొద్దని చెప్పాడు. ఒంగోలు నడిబొడ్డున సిమెంటు రోడ్ల మీద పెరిగినవాడికి!

షాలేమ్ బతికాడు. దేవుడి దయ. కానీ చలినీళ్ళకి మొద్దుబారిన పాదాల్లో స్పర్శ తిరిగి రావడానికి చలికాలమంతా పట్టింది. కాఫీ షాపు వాళ్ళు నిలబడలేనివాడికి షిఫ్టులు ఇవ్వలేదు. రూపవతి గారు రోజూ గోరువెచ్చని నీళ్ళలో వాడి కాళ్ళు పెట్టి వేళ్ళు ఒత్తేది. ప్రభుదాస్ గారు తలుపు దగ్గర నిలబడి చూసి, ముఖం చెల్లక పైకి వెళ్ళిపోయేవాడు.

అంతకంటే పెద్ద శిక్ష ఫెలోషిప్‌లో పడింది. షాలేమ్ కర్ర ఊతంతో లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు తనని అంకుల్ చేతుల ద్వారా కాపాడాడని, అంకుల్ ప్రాణాలకి తెగించి నీళ్ళలో పడుకున్నారని. అందరూ "హల్లెలూయా" అన్నారు. ఆంటీలు కళ్ళు తుడుచుకున్నారు. లేచి, "కాదమ్మా, వాణ్ణి అందులో పాతింది నేనే," అనాలని ప్రభుదాస్ గారి నోటిదాకా వచ్చింది. తల వంచుకుని కూర్చుంటే, ఎంత వినయమో అనుకున్నారు జనం.

ఆ తర్వాత ఆయన మార్ష్‌కి పోలేదు. తుపాకీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కానీ మళ్ళీ అక్టోబరు వస్తే మనసు ఊరుకుంటుందా? ఓ శుక్రవారం భోజనం దగ్గర, ఎవరితోనూ కాదు, కిటికీతో అన్నట్టు, "రేపు గాలి బాగుంది," అన్నాడు. అంతే అన్నాడు. రూపవతి గారు పప్పు వడ్డించారు. షాలేమ్ అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు తెల్లారకముందే మంచినీళ్ళకి లేచి హాల్లోకి వస్తే, గుమ్మం దగ్గర షాలేమ్ కూర్చుని ఉన్నాడు. కాళ్ళకి కొత్త రబ్బరు బూట్లు. పక్కన తాడు, టార్చిలైటు. ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు. లైటు వెలుగులో నుదుటి మీద చెమట కనిపించింది.

"ఎక్కడికిరా?"

"గాలి బాగుందన్నారు కదంకుల్. మీరొక్కరే వెళ్తారేమోనని."

ప్రభుదాస్ గారు మెట్టు మీద కూర్చున్నాడు. వాడి ముఖం అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"షాలేమూ, నా మీద ఒట్టు, నిజం చెప్పు. నీకు ఈ వేట ఇష్టమేనా?"

వాడు తాడు చుట్ట కట్టి పక్కన పెట్టాడు. "లేదంకుల్. తుపాకీ చప్పుడంటే నాకు భయం. బురదంటే ఇంకా భయం."

"మరి ఆ రోజు? ఆ మొదటి రోజు?"

"అప్పుడూ భయమే అంకుల్. గది ఇచ్చారు, అన్నం పెడుతున్నారు. మీరంత సంబరంగా రమ్మంటే ఎలా కాదంటాను?"

"ఒక్క మాట నాతో అనాల్సిందిరా నాన్నా. ఇష్టం లేదని ఒక్క మాట."

"మీరు అడగలేదంకుల్," అన్నాడు షాలేమ్, ఎంతో మర్యాదగా.